ప్రళయ కావేరి దీవులకు

మా వెలిగండ్ల మెట్టసీమ. ఇచ్చట నీరనగా చేదతో తోడుకొనునది, బిందెతో మోసికొనునది, వానకై యెదురుచూచునది. అంతియే గాని, తీరికగా కూర్చుండి కన్నులార చూచునది కాదు. మా అత్తగారు డెబ్బది రెండేండ్లు ఈ సీమలోనే గడపిరి. పుట్టినది పామూరు వైపున, మెట్టినది ఈ యూరున. కాన్పులు, కరవులు, పెండ్లిండ్లు అన్నియు ఈ రెండూళ్ల నడుమనే జరిగినవి. ఆవలి గట్టు కానరాని నీటిని ఆమె యెన్నడును చూచి యెరుగరు.

గడచిన కార్తికమాసమున ఆమె రెండు కన్నులకును శుక్లములు ముదిరినవని వైద్యుడు చెప్పి, సంక్రాంతి వెళ్లిన వెంటనే శస్త్రచికిత్సకు దినము నిర్ణయించెను. ఆమెకు భయము పట్టుకొనెను. "కోసిన కన్ను తెరుచుకుంటుందో లేదో ఎవరికెరుక? ఆ సముద్రమేదో ముందే చూపించండిరా" అని మా వారిని పట్టుపట్టిరి. మా వారు బడిపంతులు. సంక్రాంతి సెలవులు తప్ప వారికి వేరు వెసులుబాటు లేదు. సెలవులు ముగిసిన మరునాడే శస్త్రచికిత్స. మా పన్నెండేండ్ల కుమారునికేమో శ్రీహరికోటను చూడవలెనని కోరిక. ఇన్ని కోరికలను ఒక్క పయనమున ఇముడ్చుటకు మా వారు పటము ముందిడుకొని ఒక త్రోవ కట్టిరి. మొదట సూళ్లూరుపేట, పులికాటు సరస్సు, అందలి దీవులు. తిరుగుదారిలో తుదిదినమున నెల్లూరు చెంత మైపాడు సముద్రతీరము. ఆ త్రోవను మీకు తెలియజేయుటయే ఈ మాసపు మా వ్యాసము. త్రోవతోపాటు ఒక పడవ సంగతియు చెప్పవలసి యున్నది.

ముందుగా ప్రయాణపు సంగతులు. మా యూరినుండి కనిగిరికి, అచ్చటనుండి పామూరు మీదుగా నెల్లూరికి బస్సులపై చేరితిమి. 2025వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీ నుండి మన ఆంధ్రప్రదేశమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు సొమ్ము లేదు గదా! దానిని పొందుటకు ఆధారు కార్డు వంటి గుర్తింపు పత్రము దగ్గర నుండవలెను. మా అత్తగారు తమ కార్డును బియ్యపుడబ్బాలో భద్రపరచియుండిరి. బయలుదేరు నాటి ఉదయమున దానిని వెదకుటతోనే ఒక బస్సు తప్పిపోయినది. కావున ముందునాటి రాత్రియే కార్డులను సంచిలో వేసికొనుడని మనవి. ఈ వసతి మన రాష్ట్రపు హద్దులోపలనే గాని, ఇతర రాష్ట్రములకు పోవు బస్సులలో లేదని జ్ఞప్తి యందుంచుకొనుడు.

నెల్లూరినుండి సూళ్లూరుపేటకు రైలు సుఖము. గూడూరు, నాయుడుపేట, దొరవారిసత్రము దాటిన పిమ్మట సూళ్లూరుపేట వచ్చును. చెన్నపట్టణమునకు ఇది రైలుదారిని సుమారు 83 కిలోమీటర్ల దూరము. ఆ నగరమునుండి లోకల్ రైళ్లు ఇంతవరకు వచ్చుచుండును. అందుచేత మన ఆడపడుచులెవరైన చెన్నపట్టణమున కాపురముండినచో, వారును ఇచ్చటికి వచ్చి మనతో కలసికొనవచ్చును. బసకు సూళ్లూరుపేటయే అనుకూలము. దీవులలో రాత్రి గడపుదమను తలంపు పెట్టుకొనవలదు.

కాలమును గూర్చి ఒక్క మాట. కార్తికము మొదలు మాఘము వరకు మేలైన కాలము. ఈశాన్యపు వానలతో సరస్సు నిండును, పక్షులు దిగును, ఎండ బాధింపదు. వేసవిలో సరస్సు ఉత్తరభాగమున నీరు ఇంకిపోయి, నేల తెల్లని ఉప్పుపొరతో మెరయుచుండును. అప్పుడు పోయిన వారికి సరస్సునకు మారు మైదానము కనబడును.

సూళ్లూరుపేటలో దిగగానే అందరును చూడబోవునది కాళంగి నది చెంతనున్న చెంగాళమ్మ పరమేశ్వరి ఆలయము. ఈ గుడికి తలుపులు లేవు. రేయింబవళ్లు అమ్మవారి వాకిలి తెరచియే యుండును. శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగమునకు ముందు ఇస్రో అధ్యక్షులు వచ్చి ఇచ్చట పూజ చేయించుట పలుమారులు వార్తలలో చదివియుంటిమి. మా అత్తగారు చాలసేపు ఆ వాకిటివంక చూచి, "తలుపు లేని ఇల్లు చూడడం ఇదే మొదలు" అనిరి. అర్ధరాత్రి వచ్చినవానికైనను అడ్డులేని గుడి అది. ఈ సంగతి మరునాటి సాయంకాలము మాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

ఇక సరస్సు. పులికాటు అనునది పైవారి నోట మారిన పేరు. తమిళులు పళవేర్కాడందురు. తెలుగువారు ప్రళయ కావేరి అందురు. స.వెం. రమేశ్ గారి 'ప్రళయ కావేరి కథలు' అను గ్రంథము చదివిన వారికి ఈ పేరు పరిచితమే. మన దేశమున ఒడిశాలోని చిలక సరస్సు తరువాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు వేరొకటి లేదు. దీనిలో అధికభాగము మన రాష్ట్రమునను, దక్షిణభాగము తమిళనాటను ఉన్నవి. కాళంగి, అరణి మున్నగు ఏరులు పడమటినుండి తీపినీటిని తెచ్చి ఇందులో విడుచును. పళవేర్కాటి వద్ద ముఖద్వారమున సముద్రము ఉప్పునీటిని లోనికి పంపును. ఈ రెండు నీళ్ల కలయికవలననే ఇచ్చట రొయ్య, చేప, పీత సమృద్ధి. వానకాలమున నీరు చప్పబడును; వేసవిలో ఉప్పు హెచ్చును. నీరు విశాలమే గాని లోతు తక్కువ; పలుచోట్ల మోకాటిలోతే. సరస్సునకును సముద్రమునకును నడుమ పొడవుగా అడ్డముపడియున్న ఇసుకదీవియే శ్రీహరికోట.

సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు సుమారు 20 కిలోమీటర్ల బాట సరస్సు మధ్యగుండ పోవును. ఇరువంకల నీరు, నడుమ నల్లని బాట. సముద్రముపై కపివీరులు సేతువు కట్టిన కథను చిన్ననాట తండ్రిగారివద్ద చదువుకొన్న మాకు, ఆ బాటపై బండి పోవుచుండగా ఒడలు పులకించెను. త్రోవలో అటకానితిప్ప యను చోట దిగి నిలిచితిమి. దూరమున నీటిపై ఎవరో లేత గులాబిరంగు చీరలు ఆరవేసినట్లుండెను. అవి రాజహంసలు, ఆంగ్లమున ఫ్లెమింగోలు. నలదమయంతుల నడుమ రాయబారము నడపిన హంస ఇది కాదని పండితులందురు గాని, ఇచ్చటి జనులు దీనికే ఆ పేరు పెట్టిరి. పొడవైన కాళ్లతో నీట నిలిచి, తలను క్రిందుమీదు చేసి, ముక్కుతో నీటిని జల్లించి, అందలి సూక్ష్మప్రాణులను తినును. ఆ మేతవలననే దాని రెక్కలకు ఆ రంగు వచ్చునట. ఈ పక్షుల పేర సూళ్లూరుపేటలో 2001లో ఒక పండుగ ప్రారంభింపబడినది. అది జరుగు దినములలో బసలు దొరకుట కష్టము.

మా అత్తగారికి పక్షులు కానరాలేదు. ఏదో ఎఱ్ఱని మసక మాత్రము కనబడెను. అయినను నీరు కనబడెను. "సముద్రమిదేనా?" అని అడిగిరి. "కాదమ్మా, సముద్రము ఆ దీవికి ఆవల నున్నది" అని మా వారు చెప్పిరి. "అయితే ఇంకా ఉందన్నమాట" అని ఆమె సంతోషించిరి.

శ్రీహరికోటలో సముద్రమున్నను, మనవంటి వారు ఆ తీరమునకు పోజాలరు. అచ్చట 1971వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. 2002లో ఆ కేంద్రమునకు సతీష్ ధవన్ గారి పేరు పెట్టిరి. 2023 జూలై 14వ తేదీన చంద్రయానము మూడవది బయలుదేరినదియు అచ్చటనుండియే. లోనికి అనుమతి కావలెను. ప్రయోగము జరుగు దినములలో ముందుగా పేరు నమోదు చేసికొన్న వారికి చూచుటకు ఒక ప్రేక్షకమండపము ఏర్పరచిరి. మేము పోయిన దినమున ప్రయోగము లేకుండుటచే మా చిరంజీవి ద్వారమువరకు చూచి మరలవలసివచ్చెను. ఈ కేంద్రము రాకమునుపు ఆ దీవియందు యానాదులు నివసించుచు, అడవినుండి తేనె, దుంపలు, మూలికలు, కట్టెలు సేకరించి బ్రతుకుచుండిరి. కేంద్రము కొరకు వారిని ఆవలకు తరలించిరి. చంద్రుని చేరిన యశస్సును చెప్పుకొనునపుడు, ఇల్లు విడిచిపోయిన వారినికూడ ఒకమారు తలచుకొనుట ధర్మము.

దొరవారిసత్రము స్టేషనుకు సమీపమున నేలపట్టు పక్షి రక్షణాలయము కలదు. 1976లో ఇది ఏర్పడినది. చెఱువులో నీట నిలిచిన కడప చెట్లపై గూడబాతులు వందలకొలది గూళ్లు కట్టును. ఆ తల్లిపక్షులు మేతకై పులికాటు సరస్సుకు ఎగిరిపోయి, చేపలను తెచ్చి పిల్లల నోట పెట్టును. ఆ యూరివారు ఈ పక్షులను బెదరింపరు. వాని రెట్ట కలసిన చెఱువునీరు పొలములకు మంచి ఎరువని వారికి తరతరములుగా తెలియును. మనకును పక్షులకును ఒక్కటే పాట్లు గదా, మేత ఒకచోట, పిల్లలొకచోట!

రెండవనాడు దీవులకు బయలుదేరితిమి. దీవులలో రెండు ముఖ్యమైనవి, వేనాడు, ఇరకం. ఇరకమునకు త్రోవ తడ మీదుగా. తడ సూళ్లూరుపేటకు దక్షిణమున నున్నది. బస్సు గాని రైలు గాని దొరకును. వేనాటికి రోడ్డు కలదు. అచ్చటి దర్గాలో గంధమహోత్సవము జరుగునప్పుడు హిందువులు, మహమ్మదీయులు అను భేదము లేక వేలకొలది జనము కూడుదురు. ఇరకం దీవికి మాత్రము పడవయే దారి. తడ చెంతనున్న భీములవారిపాళెము రేవున పడవ ఎక్కవలెను.

ఈ సరస్సుగుండ పూర్వము పడవల రాకపోకలు మిక్కుటముగా నుండెను. బాపట్ల జిల్లా తీరమున పెదగంజాము వద్ద మొదలై, ఈ ప్రళయ కావేరి మీదుగా చెన్నపట్టణము దాటి మరక్కాణము వరకు పోవు బకింగుహాము కాలువ పేరు మీలో పెద్దలు వినియుందురు. మొత్తము సుమారు 420 కిలోమీటర్లు. దానిలో కొంతభాగము 1876-78 నాటి మహాక్షామమున, అనగా మన పెద్దలు ధాత కరువని చెప్పుకొను ఆ దినములలో, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించుటకై త్రవ్వింపబడినది. ధాన్యము, ఉప్పు, శ్రీహరికోట కట్టెలు ఈ కాలువపైననే చెన్నపట్టణము చేరుచుండెను. గాలి లేనప్పుడు పడవవారు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. మెట్టసీమల ఆకలికిని ఈ నీటిదారికిని సంబంధమున్నదని విని మా అత్తగారు ఆ నీటిని చేతితో తాకి కన్నులకద్దుకొనిరి.

పడవలో నిలకడగా కూర్చుండుట ఒక విద్య. పడవవాడు చెప్పినచోట కూర్చుండవలెను, లేచి నిలువరాదు, వింత కనబడినప్పుడు అందరును ఒకే ప్రక్కకు ఒరగరాదు. 2011వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన పళవేర్కాటి వద్ద విహారమునకు పోయిన పడవ తలక్రిందులై 22 మంది జలసమాధియైరి. లోతు తక్కువ సరస్సే గదాయని ఏమరుట ఎంత అపాయమో దీనివలన తెలియును. మా పడవవాడు నడివయస్సువాడు. ఎక్కినవారిని వ్రేలితో లెక్కించి, పదిమంది కాగానే, "ఇంక చాలు" అని గడకర్ర చేతబట్టెను. ఆ లెక్కలో అతడు ఎవరి మొగమును చూడలేదు. రానుపోను సొమ్ము ముందుగానే చెల్లించి, తిరుగు పడవలో మా నలువురికిని చోటు మాట్లాడుకొంటిమి.

దీవిలో దిగిన పిమ్మట ఒక వృద్ధురాలు మమ్ము తన యింటి అరుగుపై కూర్చుండబెట్టెను. మా అత్తగారు దాహమనగా, ఆమె లోనికి పోయి చిన్న చెంబుతో నీరు తెచ్చెను. చెంబు చిన్నదగుట చూచి మేము మనస్సులో చిన్నబుచ్చుకొంటిమి. తరువాత మాటలలో తెలిసినది, చుట్టును అంతులేని నీరున్నను త్రాగుటకు నీరు మిక్కిలి లెక్కించి వాడుకొందురని. ఆమె తన చిన్ననాటి దొరువుల సంగతి చెప్పెను. దొరువనగా ఇసుకలో త్రవ్విన పల్లపు గుంట. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఇసుకలో ఇంకిన వాననీరు క్రిందనున్న ఉప్పునీటిపై, మజ్జిగపై వెన్నవలె, పొరగా నిలుచును. ఆ పొరను చిన్న ముంతతో మెల్లగా తోడుకొన్నంతసేపు తీపినీరే. ఆశపడి లోతు త్రవ్వినను, ఒక్కమారుగా ఎక్కువ తోడినను, క్రింది ఉప్పునీరు పైకి వచ్చి దొరువు చెడిపోవును. "మా అమ్మ దొరువు కాడ మాట్లాడనిచ్చేది కాదు. మాటల్లో పడితే చేయి జోరవుతుందని" అని ఆమె నవ్వెను.

ఈ మాట మాకు శూలమువలె నాటెను. మా కనిగిరి ప్రాంతమున మేము చేసినదేమి? బావి ఎండిన బోరు, బోరు ఎండిన మరింత లోతు బోరు. ఆ నీటిలో ఫ్లోరైడు మిక్కుటమై, పండ్లు గారపట్టినవారిని, నడుము వంగి మోకాళ్లు ముడుచుకొనిపోయినవారిని మేము చిన్ననాటినుండి చూచుచునే యున్నాము. అచ్చట లోతునకు పోయిన ఉప్పు, ఇచ్చట లోతునకు పోయిన విషము. పై పొరలో దేవుడిచ్చిన వాననీటిని దాచుకొని మెల్లగా వాడుకొనుట రెండుచోట్లకును ఒక్కటే నీతి. అతిథికి చిన్న చెంబుతో నీరిచ్చిన ఆ యవ్వ పిసినారి కాదు, ఇంటి విలువైన వస్తువును మాకు పంచి యిచ్చినది.

సాయంకాలమున తిరుగు పడవవద్దకు వచ్చితిమి. ఆనాటికి అదియే కడపటి పడవ. తూరుపుగాలి రేగుచుండెను. పదిమందిమి ఎక్కి కూర్చుంటిమి. పడవవాడు గడకర్ర నాటబోవునంతలో ఒక పడుచు మూడేండ్ల బిడ్డను భుజమున వేసికొని, వెనుక తన తల్లితో పరుగుపరుగున వచ్చెను. బిడ్డ ఒడలు జ్వరముతో కాలిపోవుచుండెను, కన్నులు తేలవేయుచుండెను. తడకు పోయి వైద్యుని చూపవలెను. పడవవాడు ఆ బిడ్డను చూచెను, నీటివైపు చూచెను, తల అడ్డముగా ఆడించెను. "గాలి ఎత్తుకుంటా ఉంది. పదిమందికి మించి ఎక్కించను. బిడ్డొక్కతే అయితే ఒళ్లో పెట్టుకోవచ్చు, మీరిద్దరు పెద్దోళ్లుండారు. ఎవరన్నా దిగితే ఎక్కండి" అనెను. పిమ్మట మావైపు తిరిగి, "మీరు ముందే డబ్బులిచ్చుండారు. మిమ్మల్ని దిగమని నేను చెప్పలేను" అనెను.

సోదరీమణులారా, దాచనేల? మేము నోరు మెదపలేదు. చేతిసంచిని మరింత గట్టిగా పట్టుకొంటిమి. తెల్లవారుజామున నెల్లూరి రైలు, అచ్చటనుండి మైపాడు, సాయంకాలమునకు మరల ఇల్లు, ఆ మరునాడు బడి, శస్త్రచికిత్స, ఇవన్నియు ఒక్క క్షణమున మా మనస్సున తిరిగినవి. ఇతరులెవరైన దిగరాదా యని కూడ తోచినది. పడవలోని తక్కిన ఆరుగురును తలలు వంచుకొని కూర్చుండిరి. వారికిని ఏవో పనులుండునుగదా!

అప్పుడు మా అత్తగారు, ఆ బిడ్డ మొగము సరిగా కానరాని మా అత్తగారు, "అబ్బయ్యా! నువ్వూ పిల్లవాడూ దిగండి" అనిరి.

మా వారు వెంటనే దిగలేదు. "అమ్మా, రేపు పొద్దున పడవ వచ్చేదాకా మేము ఇక్కడే ఉండాలి. మైపాడు తప్పిపోతుంది. మీరిద్దరూ చీకట్లో ఎట్లా వెళ్తారు?" అనిరి.

"మైపాడు ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది. ఇద్దరాడవాళ్లం కాదు, నలుగురాడవాళ్లం వెళ్తాము. దిగు."

మా వారును చిరంజీవియు దిగిరి. తల్లీకూతుళ్లు ఎక్కిరి. మరల పదిమంది. పడవవాడు మారుమాట లేక గడకర్ర నాటెను. ఆ బిడ్డను మా అత్తగారి ఒడిలో పడుకొనబెట్టి, మా చీరకొంగును సీసాలోని మంచినీటితో తడిపి నొసట వేయుచు వచ్చితిమి. సంచిలో ఆ సీసాయే లేనిచో అంత సరస్సునడుమ కొంగు తడుపుకొనుటకు మంచినీరు దొరకదు. రేవు చేరునప్పటికి చీకటిపడెను. నలువురమును ఒక్క ఆటోలో తడకు పోయితిమి. వైద్యుడు బిడ్డకు మందిచ్చి, ఇంకను ఆలసించియుండిన ఫిట్లు వచ్చియుండెడివనియు, వేళకు తెచ్చితిరనియు చెప్పెను. రాత్రి తొమ్మిది గంటలకు మేమిరువురము సూళ్లూరుపేట బసకు చేరితిమి. త్రోవలో చెంగాళమ్మ గుడి దీపములు కనబడెను. మా అత్తగారు చేతులు జోడించి, ఏమియు మాటాడక, గదికి వచ్చి నిద్రించిరి. మగదిక్కు లేక రాత్రివేళ తెలియని యూరిలో తిరుగుట మాకు అదియే మొదలు. భయపడినంత కష్టము కాలేదు.

దీవిలో మా వారిని, చిరంజీవిని ఆ వృద్ధురాలి యింటివారే ఉంచుకొని అన్నము పెట్టిరట. మరునాటి ఉదయము పడవకు వచ్చి మమ్ము కలసికొనుసరికి పదకొండు గంటలైనది. ఇక మైపాటికి పోయిన, రాత్రికి ఇల్లు చేరము. శస్త్రచికిత్స దినము తప్పిపోవును. మా వారు వైద్యునికి టెలిఫోను చేసి దినము మార్పింతునని పలికిరి. మా అత్తగారు ఒప్పుకొనలేదు. "కళ్లు బాగుపడినాక చూస్తాను. ఇప్పుడు చూసినా మసకే కదా" అనిరి. సముద్రము చూడకయే ఇల్లు చేరితిమి.

మీలో ఎవరైన ఈ పయనము తలపెట్టినచో, మా అనుభవముననుసరించి కొన్ని మాటలు చెప్పుదుము. మనిషికి రెండు సీసాల మంచినీరు వెంటనుంచుకొనుడు. దీవివారి చెంబుపై ఆధారపడకుడు. దీవులకు ఉదయమే పోయి, కడపటి పడవకు ముందుపడవకే మరలుడు. కడపటి పడవ చూడవచ్చిన వారిది కాదు. బిడ్డకు జ్వరము వచ్చిన తల్లిది, కాన్పు నొప్పులు పడు పడుచుది, బడికో సంతకో పోయి మరలువారిది. మొత్తము పడవను మీకొరకే మాట్లాడుకొనవలసివచ్చినచో, అది ఊరివారి రాకపోకల వేళ కాకుండ చూచికొనుడు. పడవవాడు చాలునన్న పిమ్మట "ఇంకొక్కరు" అని బ్రతిమాలకుడు. అతని లెక్కయే మన ప్రాణరక్ష. పక్షులవద్ద కేకలు వేయకుడు. చేప, రొయ్య కొనదలచిన రేవువద్ద జాలరి స్త్రీలవద్దనే కొనుడు.

సరస్సు దక్షిణపుకొనన పళవేర్కాడు పట్టణము చూడదలచిన వారు పొన్నేరి మీదుగా పోవచ్చును, అది తమిళనాడు. అచ్చట 1613లో ఒలాందావారు గెల్డ్రియా యను కోటను కట్టి వర్తకము చేసిరి. మన తీరపు నేతగాండ్ర గళ్లవస్త్రములు ఆ రేవునుండి దూరదేశములకు పోయినవి. ఆ కాలమున మనుష్యులనుకూడ బానిసలుగా ఓడలకెక్కించిరి. ఒలాందావారి సమాధులు నేటికిని చెక్కడపు రాళ్లతో నిలిచియున్నవి. మాకు అది చూచుటకు వ్యవధి లేకపోయినది.

మా అత్తగారి కుడికంటికి శస్త్రచికిత్స చక్కగా జరిగినది. కట్టు విప్పిన నాడు ఆమె మొదట మా చిరంజీవి మొగమును చూచి, "ఇంత నల్లబడ్డావేమిరా?" అనిరి. తరువాత మావైపు తిరిగి, "ఆ పిల్ల ఎట్లా ఉంటుందో నేను చూడనేలేదు. నువ్వు చూశావు కదా, చెప్పు" అని అడిగిరి. కోలమొగము, నొసట పొట్టుగా కత్తిరించిన జుట్టు, చెవులకు నల్లపూసల దుద్దులు అని చెప్పితిమి. ఆమె కన్ను మూసికొని విని, తల ఊపిరి.

ఎడమకంటికి వేసవిలో చికిత్స. ఆ పిమ్మట మైపాడు. ఈమారు రెండు దినములు సెలవు హెచ్చుగా పెట్టుకొని పోవలెనని మా వారు నిశ్చయించిరి.